జెముడు ఆగినప్పుడల్లా

పందేనికి 41 రోజులు

ఇది నా రెండో పుస్తకం. మొదటిది షెడ్డులో బల్లమీద అందరికీ కనిపించేలా ఉంటుంది. దాని అట్టమీద "జెముడు బండి: తయారీ, పరుగుల రికార్డు" అని ఓబులేసు తాత తన చేత్తో తెలుగులో రాశాడు. లోపలంతా నేను ఇంగ్లీషులో రాస్తాను. చుట్టుకు ఎంతసేపు పట్టింది, నూనె ఎంత తాగింది, బ్యాటరీ ఎంత వేడెక్కింది, ఇవన్నీ. నల్లదిన్నె షెడ్డులో ఇంగ్లీషు వచ్చిందాన్ని నేనొక్కదాన్నే కాబట్టి దాన్ని ఎవరూ తెరిచి చూడరు. ఈ పుస్తకం తెలుగులో ఉంది, ఎవరైనా చదివేయగలరు. అందుకే పరుపు కుట్టు విప్పి, దూది మధ్యలో పెట్టి, మళ్ళీ కుడుతున్నాను.

ఇవాళ పొద్దున ఐదింటికి గాలి ఫిల్టరు గుడ్డలు దులిపాను. మూడు గుడ్డల్లోంచి అరతట్ట దుమ్ము రాలింది. కానుగ నూనె రెండుసార్లు వడగట్టాను. ఎండ సైరన్ తొమ్మిదికే మోగింది, నిన్నటికన్నా పావుగంట ముందు. అది మోగాక సాయంత్రం ఐదు దాకా బయట కాలు పెట్టకూడదు. ఆ వేళలో తిరగాల్సింది మందుల బండి ఒక్కటే. ఇప్పుడున్న మందుల బండ్లు సగం దారిలో ఆగిపోతున్నాయి. పోయిన వేసవిలో పక్కూరికి బయల్దేరిన బండి మూడోరోజు దొరికింది, డ్రైవరు దొరకలేదు.

ఈ పందెం అందుకే. ఎండిపోయిన పెద్దచెరువు నేలమీద, పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గూకేదాకా పన్నెండు గంటలు. ఏ షెడ్డు బండి ఎక్కువ చుట్లు తిరిగితే వచ్చే మూడేళ్ళు అన్ని ఊళ్ళకూ అలాంటి బండ్లే కడతారు.

మా బండి జెముడు. ముందు కానుగ నూనెతో నడిచే ఇంజను, వెనక రెండు మోటార్లు. ఇంజనుకు బరువైనచోట మోటార్లు తోస్తాయి. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీలోకి కొంత కరెంటు తిరిగొస్తుంది. నడిపేది మా మేనత్త రెడ్డెమ్మ. బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది.

అంటే బ్యాటరీ మీద కూర్చునేది మా అత్త. ఈ ఒక్క మాట రాయడానికే పుస్తకం మొదలుపెట్టాను. మిగతాది ఇవాళ రాయలేను.


పందేనికి 40 రోజులు

రాస్తాను.

ఏడు నెలల కిందట ఆ బ్యాటరీ సీలు విప్పని పెట్టెలో వచ్చింది. ఏదో పాత గిడ్డంగిలో దొరికిందట. దాంతో పాటు తొంభై పేజీల ఇంగ్లీషు పుస్తకం. ఓబులేసు తాత షెడ్డుకు పెద్ద మేస్త్రి, ఎవరికీ కుర్చీ వెయ్యని మనిషి. ఆ రోజు స్టూలు తన కండువాతో తుడిచి నన్ను కూర్చోబెట్టాడు.

"సదువు పాపా. ఈ పొద్దు కోసరమే గదా మీ అత్త ఆరేండ్లు ఆ బడికి నీళ్ళ ట్యాంకరు తోలింది."

అది నిజమే. టౌన్లో ఉన్న ఆ ఇంగ్లీషు బడిలో నాకు సీటిచ్చినందుకు మా అత్త ఆరేళ్ళు జీతం లేకుండా బడికి నీళ్ళు తోలింది. ఆ ఆరేళ్ళలో నేను నేర్చుకున్నది గట్టిగా, ఆగకుండా, అందంగా చదవడం. పైకి చదవడంలో రెండుసార్లు ప్రైజు కూడా వచ్చింది. పరీక్షలో ప్రశ్నలోని మొదటి మూడు మాటలు గుర్తుపడితే చాలు, జవాబు పేరా మొత్తం దానంతటదే చేతిలోంచి వచ్చేది. అర్థం ఏమిటని ఒక్క టీచరూ అడగలేదు. అడిగితే ఏమయ్యేదో తెలీదు.

షెడ్డులో చదివాను. అందరూ నోళ్ళు తెరిచి విన్నారు.

"దారం తెగకుండా ఎట్ల సదువుతాందో సూడబ్బా!" అన్నారెవరో.

"బాగుండాది. ఇంగ అర్థం గూడా సెప్పితే మేమూ బతుకుతాం," అన్నాడు దస్తగిరి మామ. నీళ్ళ పైపులు వంచేది, అతికేది ఆయనే. బ్యాటరీ చుట్టూ చల్లనీళ్ళు తిరిగే పైపుల పని మొత్తం ఆయనది.

బొమ్మలున్న పేజీలు బొమ్మలు చూసి చెప్పాను. ముప్పై ఏడో పేజీలో బొమ్మ లేదు. అరపేజీ మేర ఒకే వాక్యం. మళ్ళీ చదివాను. ఒక్కొక్క మాట ఎక్కడో విన్నట్టే ఉంది, కలిపితే ఏమీ లేదు. అత్త గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె ముఖం నేనెప్పుడూ అంత వెలుగ్గా చూడలేదు.

"ఇవి మామూలు జాగ్రత్తలు. శుభ్రంగా పెట్టుకోమంటున్నారు," అని పేజీ తిప్పాను.

"సుబ్రంగా పెట్టుకోమని సెప్పేకి అరపేజీ రాసినారా?" అన్నాడు దస్తగిరి మామ.

"ఇంగ్లీషులో అంతే మామా, మర్యాదగా పొడుగ్గా రాస్తారు."

అందరూ ఆయన్ని చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను.


పందేనికి 35 రోజులు

రికార్డు పుస్తకం నుంచి ఇక్కడికి ఎత్తి రాస్తున్నాను, నాకోసం.

అన్ని షెడ్ల బండ్లూ కలిసి తిరిగిన మొదటి ఆరుగంటల పరుగు: 58 చుట్లు. రెండోసారి నూనె పోయించుకుని బయల్దేరాక మోటార్లు చచ్చుబడ్డాయి, బండిని తోసుకొచ్చారు. రెండో ఆరుగంటల పరుగు: మబ్బుపట్టిన రోజు. 74 చుట్లు, నాలుగో స్థానం. షెడ్డులో పాయసం. ఇవాళ్టి నాలుగుగంటల టెస్టు: నూనెకు ఆగేముందు బ్యాటరీ వేడి 47. నూనె పోసి స్టార్టు చేశాక 59.

నూనెకు ఆగినప్పుడు మెయిన్ స్విచ్చి కట్ చెయ్యాలి. అది ఓబులేసు తాత పెట్టిన రూలు. కరెంటు ఉండగా నూనె పోసినందుకే ఆయన ఎడమచెయ్యి కాలింది, వేళ్ళు రెండు అతుక్కుపోయాయి. మెయిన్ కట్ అయితే నీళ్ళ పంపు ఆగుతుంది, వేడి చూపించే మీటరూ ఆరిపోతుంది. ఆ మూడు నిమిషాలు లోపల ఏం జరుగుతుందో ఎవరికీ కనిపించదు.

"పన్నెండు ఎక్కువైంది. నీళ్ళు సరింగా తిరగడంల్యా. దస్తగిరీ, పైపు సన్నం చేసినావు," అన్నాడు తాత.

"బొటనేలు లావు ఉండాది సామీ. ఏనుగుకు నీళ్ళు పట్టొచ్చు దాంట్లో."

"ఏనుగు కాదు, బ్యాటరీ."

"ఏనుగైతే ఈపాటికి నన్ను మెచ్చుకునేది."

అందరూ నవ్వారు. తాత నవ్వలేదు.


పందేనికి 29 రోజులు

రికార్డు మొత్తం మొదటినుంచీ చూశాను. రాసింది నేనే, ఇన్నాళ్ళూ చదివింది లేదు. బండి తిరుగుతున్నంతసేపు వేడి మెల్లగా పెరుగుతోంది, రెండు, మూడు. ఆగి బయల్దేరినప్పుడు మాత్రం ఒక్కసారిగా పది, పన్నెండు. ప్రతిసారీ. పైపు సన్నమైతే తిరిగేటప్పుడు కూడా పెరగాలి కదా.

జెముడు ఆగినప్పుడల్లా ఏదో అవుతోంది.

షెడ్డులో సైరన్ వేళ అందరూ నిద్రపోతుంటే ముప్పై ఏడో పేజీ తెరిచాను. బడిలో ఇచ్చిన చిన్న డిక్షనరీ పక్కన పెట్టుకున్నాను. ఒక్కో మాటకు అందులో నాలుగు అర్థాలుంటాయి. ఏది పెట్టాలో తెలీదు. మొదటి రెండు లైన్లకే గంటన్నర పట్టింది.


పందేనికి 26 రోజులు

అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

బండి ఆగిన వెంటనే నీళ్ళ పంపు ఆపకూడదట. బాగా పనిచేసిన బ్యాటరీలో వేడి లోపల దాక్కుని ఉంటుంది, పని ఆగాక పైకి వస్తుంది. కనీసం తొమ్మిది నిమిషాలు నీళ్ళు తిరుగుతూనే ఉండాలి. వేడి డెబ్భై ఐదు దాటితే లోపలి గడులు పగిలి గ్యాసు లేస్తుంది, అది అంటుకుంటుంది, ఆర్పడం కుదరదు.

సీటు కింద.

పందెంలో మూడుసార్లు ఆగాలి. డ్రైవరు దిగకూడదు, బెల్టు విప్పకూడదు, అది పందెం రూలు.

సాయంత్రం అత్తకు వడ్డిస్తూ పులుసు కంచం పక్కన పోశాను. "జరమొచ్చిందా మే?" అని నుదురు పట్టుకు చూసింది. లేదన్నాను.


పందేనికి 24 రోజులు

ఇవాళ చెప్పబోయాను. అబద్ధం. చెప్పకుండా చెప్పబోయాను.

"తాతా, ఆగినప్పుడు మెయిన్ కట్ చెయ్యకుండా కాసేపు పంపు తిప్పి, తర్వాత నూనె పోస్తే?"

"కాసేపంటే?"

"తొమ్మిది నిమిషాలు."

"తొమ్మిదా! ఆ లోపల అవతలోడు రెండు సుట్లు ఏసొస్తాడు. మూడు తూర్లు ఆగితే ఆరు సుట్లు. ఇంగ మనం పందేనికి పోయేది ఏంటికి, బువ్వ దినేకా?" అని, కాసేపు నావైపే చూశాడు. "పుస్తకంలో ఉండాదా?"

అడిగాడు. ఆయన స్వయంగా అడిగాడు. ఔను అంటే చాలు. కానీ ఔనంటే ఆ తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు?

"లేదు తాతా. నాకే అనిపించింది."

"అనిపించిందంట!" అని అందరికీ వినిపించేలా నవ్వాడు. "రాసుకోమ్మా, నువ్వు రాసుకో."


పందేనికి 20 రోజులు

దస్తగిరి మామను పని మాన్పించారు.

మళ్ళీ టెస్టు. 48 నుంచి 61. తాత అరిచాడు. మామ ఈసారి జోకులు వెయ్యలేదు. పైపు విప్పి బల్లమీద పెట్టి, కొలిచి చూడమన్నాడు. ఎవరూ కొలవలేదు. ముప్పై ఏళ్ళుగా తాతతో పనిచేసిన మనిషి. పనిముట్లు గోనెసంచిలో వేసుకుని, పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగాడు.

"పాపా, ఆ పుస్తకంలో పైపు గురించి ఏమన్నా రాసినారా? ఇంత లావుండల్ల, అంత లావుండల్ల అని? నువ్వొక్క మాట సెప్పితే ఆయప్ప ఇంటాడు. నా మాట ఇనడు, ఇంగ్లీషు మాట ఇంటాడు."

పుస్తకం నా మోచేతి కిందే ఉంది.

"ఏమీ లేదు మామా."

"ఏమీ ల్యా?"

"లేదు."

"సరే అయితే," అని సంచి భుజాన వేసుకున్నాడు. సైరన్‌కు ఇంకా పది నిమిషాలే ఉంది. ఇల్లు చేరేలోపు మోగి ఉంటుంది.

తాత చెప్పమన్నట్టే రికార్డులో రాశాను. వేడికి కారణం: పైపు పని సరిగా లేదు. పనివాడు: దస్తగిరి. ఇంగ్లీషులో ఆయన పేరు తప్పు లేకుండా రాయడానికి రెండుసార్లు కొట్టేసి దిద్దాను. స్పెల్లింగు గురించి అంత జాగ్రత్తపడ్డాను.


పందేనికి 11 రోజులు

కొత్త మనిషి వచ్చాడు, కొత్త లావు పైపు వేశాడు. 48 నుంచి 60. "పైపు కొత్తది, కుదురుకుంటాది," అన్నాడు తాత.

సాయంత్రం అత్త జడ వేసింది. తను జుట్టు కత్తిరించుకుని చాలా ఏళ్ళైంది, హెల్మెట్ కోసం. నా జడ మాత్రం గట్టిగా, నొప్పెట్టేలా వేస్తుంది.

"అత్తా, బండి వేరేవాళ్ళు నడిపితే?"

"ఎవరు, మీ తాతా? ఆయప్ప కూసుంటే సీటు ఇరుగుతాది."

"నిజంగా అడుగుతున్నా."

"ఏం మే, భయమా?" జడ లాగి నా ముఖం తనవైపు తిప్పుకుంది. "నీళ్ళ ట్యాంకరు తోలినప్పుడు బ్రేకుల్లేకుండా ఘాటు దిగినా. ఇది నువ్వు సదివి కట్టించిన బండి. దీంట్లో నాకు భయమేంది?"

అక్కడ నోరు తెరవని దాన్ని నేను. ఇది ఎవరు చదివినా, నన్ను ఏమనుకున్నా సరే. ఇంగ్లీషులో అబద్ధం చెప్పేంత వచ్చు నాకు. నిజం చెప్పేంత ఏ భాషా రాలేదు.


పందేనికి 1 రోజు

ఎవరూ చూడకుండా సీటు కింద రేకుకు రెండు తడిగోనెలు కుట్టి కట్టాను. రేపు పది గంటలకల్లా ఎండిపోతాయని నాకు తెలుసు. అయినా కట్టాను. పదహారేళ్ళ మనిషి చేసే పని కాదు ఇది, ఆరేళ్ళ పిల్ల చేసేది.


పందెం అయిన మరుసటి రోజు

నిన్న జరిగింది వరసగా రాస్తాను.

ఎనిమిది బండ్లు. ఆరింటికి జెండా. జెముడు మూడో స్థానంలో బయల్దేరింది. దుమ్ము లేచి, ముందున్న బండి కూడా కనిపించని తెల్లటి నేల. ఆరు కిలోమీటర్ల చుట్టు, నాలుగున్నర నిమిషాలు. మేమంతా తడి చొక్కాలు వేసుకుని గుడారంలో ఉన్నాం. గంటకోసారి చొక్కాలు మళ్ళీ ముంచాలి. తాతకూ నాకూ చెవుల్లో రేడియో, అత్త గొంతు అందులోంచి వస్తోంది. బండి దగ్గరికి వస్తే వేడి ఎంతో నా చేతిలో ఉన్న చిన్న మీటరులో కనిపిస్తుంది.

తొమ్మిదికి మొదటి ఆగడం. వచ్చినప్పుడు 50. మెయిన్ కట్, నూనె, స్టార్టు. 63.

పన్నెండుకు రెండో ఆగడం. వచ్చినప్పుడు 55. స్టార్టు చేశాక 70.

"డెబ్భైకి వచ్చింది తాతా," అన్నాను.

"తగ్గుతాది. రెండో స్థానంలో ఉండాం, నోరు మంచిది చెయ్."

తగ్గింది, మెల్లగా. కానీ పూర్తిగా తగ్గలేదు. నేను వేళ్ళమీద లెక్క వేసుకున్నాను. మొదటిసారి పదమూడు పెరిగింది. రెండోసారి పదిహేను. మూడింటికి 58తో వస్తే బతికినట్టే. 60 అయితే...

మూడింటికి అత్త వచ్చింది. 61.

బండి ఆగింది. తాత మెయిన్ స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు. నూనె క్యాను అప్పటికే ఎత్తారు. నేను పరుగెత్తి ఆయన చేతిమీద నా రెండు చేతులూ పెట్టాను. ఎందుకలా చేశానో తెలీదు, ఆలోచించి చేసింది కాదు.

"కట్ చెయ్యొద్దు! పంపు తిరగాలి, తొమ్మిది నిమిషాలు!"

"ఏయ్, తొలుగు పాపా! ఎవురు సెప్పినారు నీకు?"

"పుస్తకం చెప్పింది."

"పుస్తకంలో ల్యాదంటివే!"

"ఉంది తాతా. ముప్పై ఏడో పేజీ. ఆ రోజు నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు చెప్పాను. డెబ్భై ఐదు దాటితే పేలుతుంది. పైపు మంచిదే. దస్తగిరి మామ పైపు మంచిదే."

నా చెవిలో రేడియో ఉంది. అత్త చెవిలోనూ ఉంది. నేను అన్నదంతా ఆమె విన్నది.

తాత నన్ను చూడలేదు. స్విచ్చి మీద చెయ్యి తీశాడు. "నూనె దించండి," అన్నాడు.

బండి నిలబడింది. పంపు తిరుగుతోంది. మీటరు అందరికీ కనపడేలా పట్టుకున్నాను. పంపు తిరుగుతుండగానే 61 నుంచి 64. 66. ఒక బండి మమ్మల్ని దాటిపోయింది, దుమ్ము మీదపడింది. 68. 69. పంపు ఆపి ఉంటే ఎంతయ్యేదో ఒక్కరూ అడగలేదు, అడగాల్సిన పని లేదు.

అప్పుడు అత్త గొంతు వచ్చింది. అరవలేదు.

"పాపా."

"అత్తా."

"అర్థం కాలేదని నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

"దాంట్లో ఏముండాదో ఎప్పుడు తెల్సింది?"

"ఇరవై ఆరు రోజులైంది."

అద్దంలోంచి ఆమె హెల్మెట్ మాత్రమే కనిపిస్తోంది. అది కదల్లేదు.

"ఇరవై ఆరు రోజులు," అంది. "ప్రతి టెస్టుకూ నేను దీనిమీదనే గదా కూసున్యాను."

నేను గడియారం చూశాను. ఇంకా ఐదు నిమిషాలు.

"బెల్టు ఇప్పకూడదు కదా. దిగేకి లేదు. నిమిషాలు సెప్తాండు."

చెప్పాను. నాలుగు. మూడు. ఇంకో బండి దాటిపోయింది. గుడారంలో వాళ్ళంతా బండినే చూస్తున్నారు, నావైపు ఒక్కరూ తిరగలేదు. తిట్టినా బాగుండేది. రెండు. ఒకటి. మీటరు 62 దగ్గర నిలిచింది. తాత మెయిన్ కట్ చేశాడు, నూనె పోశారు, స్టార్టు. 65.

అత్త మళ్ళీ చుట్లలోకి వెళ్ళిపోయింది.

పొద్దు గూకేసరికి జెముడు 148 చుట్లు. ఐదో స్థానం. గెలిచిన బండి 154. తొమ్మిది నిమిషాలకు పోయింది రెండు చుట్లే, మిగతావి ఆ తర్వాత అత్త నెమ్మదిగా నడిపి వదిలేసినవి. బ్యాటరీ బతికించుకోవడానికేనని తాత అన్నాడు. అదే కారణమో కాదో నాకు తెలీదు. జెముడు ఒక ఎండరోజు పందెం చివరిదాకా తిరగడం ఇదే మొదటిసారి.

అత్తను ఇద్దరు పట్టుకుని దించారు. చెంబెడు నీళ్ళు తాగింది, ఇంకో చెంబు తలమీద పోసుకుంది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడితే, నాది వదిలేసి పక్కనున్నామె చేతిలోది తీసుకుంది.

ఓబులేసు తాత రికార్డు పుస్తకం తెచ్చి నాముందు పెట్టాడు. "ఈ పొద్దుటిది రాసి మూసెయ్. రేపట్నుంచి తెలుగులో ఎవరో ఒకరు రాస్తారు," అన్నాడు. కోపంగా కాదు. పని అప్పజెప్పేటప్పుడు ఎలా అంటాడో అలా.

ఇంటికి నడిచి వస్తుంటే అత్త ముందు, నేను వెనక. గేటు దగ్గర ఆగింది.

"ఆ బడికి నీళ్ళు తోలేటప్పుడు," అంది, "ట్యాంకరు నిండేదాకా కిటికీ కాడ నిలబడుకునేదాన్ని. నీ గొంతు ఇనపడేది. గలగల సదివేదానివి. నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు, అయినా ఇనేదాన్ని." నా ముఖంలోకి చూసింది, నిన్న మొత్తంలో అదొక్కసారే. "నీకూ తెలిసేది కాదా?"

"తెలిసేది కాదు అత్తా."

తల ఊపింది. చాలాసేపు ఊపింది.

"దస్తగిరి ఇంటికి నువ్వే పోవల్ల. నేను రాను. నీకోసరం ఒక మాట గూడా సెప్పను."


పందెం అయిన నాలుగో రోజు

మూడు రోజులు పోలేదు. రోజూ సైరన్ ముందు బయల్దేరాలనుకున్నాను, రోజూ ఏదో పని చూసుకున్నాను. అది కూడా రాసి పెడుతున్నాను.

ఇవాళ పోయాను. బ్యాటరీ పుస్తకం పట్టుకుపోయాను. తాతను అడిగితే తలుపు వైపు చూపించాడు, తీసుకుపో అని.

దస్తగిరి మామ ఇంటి అరుగుమీద ఎవరిదో సొట్టపోయిన స్టవ్ పెట్టుకుని సుత్తితో కొడుతున్నాడు. వాళ్ళ ఆవిడ నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. తాత నిన్న వచ్చి వీధిలో కాసేపు నిలబడి పోయాడట. ఆ మాట మామే చెప్పాడు, సుత్తి ఆపకుండా.

నేను చెప్పాల్సింది చెప్పాను. స్టూలు మీద చదివిన రోజు నుంచి, ఆయన సంచి వేసుకుని నా బల్ల దగ్గర ఆగిన రోజు దాకా. రికార్డులో ఆయన పేరు ఎక్కడ ఎలా రాశానో కూడా చెప్పాను. ఆయన సుత్తి ఆగలేదు. సొట్ట పైకి వచ్చేదాకా కొట్టాడు, వేలితో తడిమి చూసుకున్నాడు.

"ఆ పొద్దు నన్ను సూసి అందరూ నవ్విరి," అన్నాడు. "నువ్వు గూడా నవ్వితివి. నాకు బాగా యాదుండాది."

"ఔను మామా."

"నవ్వితే నవ్వితివిలే. నేనూ రోజూ ఎవరినో ఒకర్ని నవ్వుతాంటా. దాని గురించి కాదు." సుత్తి పక్కన పెట్టాడు. "ముప్పై ఏడో పేజీ ఒక్కటేనా?"

ఈ మాట ఎవరూ అడగలేదు. అత్త అడగలేదు, తాత అడగలేదు. నలభై ఐదు రోజులుగా ఈ పుస్తకంలో నేనూ రాయలేదు.

"అడుగుతాండేది నిన్నే. బొమ్మలేని పేజీలు ఇంగెన్ని తిప్పినావు అట్ల?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిది," అన్నాడు మామ. ఇంటి ముందు రోడ్డు వైపు చూశాడు. అటువైపే షెడ్డు, షెడ్డులో జెముడు. "మీ అత్త ఆ బండిని ఎల్లుండి మందులకు తీసకపోతుందంట. గెలిచిన బండ్లు కట్టేదాకా మనది గూడా తిప్పమన్నారంట. తెలుసా?"

తెలీదు. ఆమె నాతో మాట్లాడటం లేదు కదా.

సైరన్ మోగింది. వీధిలో తలుపులు మూసుకోవడం వినిపించింది. మామ లేచి స్టవ్ లోపల పెట్టి, చాప తెచ్చి గుమ్మం లోపల పరిచాడు. "అయిదు దాకా యాడికీ పోలేవు. నేనూ యాడికీ పోయేది ల్యా. నీకు ఇంగ్లీషు తెలీదు, నాకు బ్యాటరీ తెలీదు. నీళ్ళూ వేడీ నాకు తెలుసు. రా, కూసో. ఒకటో పేజీ నుంచి సదువు. నువ్వు సదివే మాదిరి వద్దు. మెల్లిగా. తెలీని మాటకాడ ఆగు."

కూర్చున్నాను. మొదటి పేజీ తెరిచాను. మొదటి లైను చదివి అర్థం చెప్పాను. రెండో లైనులో మూడో మాట దగ్గర ఆగాను.

"ఇది నాకు తెలీదు మామా," అన్నాను.